16 నెలలు హెడ్‌లైన్స్ రాసుకున్న అబ్బాయి: ఒక కేస్ స్టడీ

ఆ అబ్బాయి మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు బ్యాగ్‌లోంచి మూడు లాంగ్ నోట్‌బుక్స్ తీసి టేబుల్ మీద పెట్టాడు. ఒక్కోటి 200 పేజీలది. ప్రతి పేజీలో ఎడమ వైపు నీలం పెన్నుతో ఇంగ్లిష్ పేపర్ హెడ్‌లైన్స్, కుడి వైపు ఎర్ర పెన్నుతో వాటి తెలుగు, పైన తేదీ. 16 నెలల పాటు ఒక్క రోజు కూడా తప్పకుండా రాశాడు, పండగ రోజుల్లో కూడా. "ఇంత చదివిన మేడమ్, అయినా ఎస్సే రాస్తే మార్కులు వస్తలేవు" అన్నాడు. నేను బ్యాంక్, ఎస్ఎస్‌సీ పరీక్షలకి ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది, కష్టపడని పిల్లల్ని చూశాను, కష్టపడి కూడా దారి తప్పిన వాళ్లని చూశాను, కానీ ఇంత శ్రద్ధగా, ఇంత అందమైన చేతిరాతతో, ఇంత కచ్చితంగా తప్పు దారిలో నడిచిన నోట్‌బుక్స్ మాత్రం నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నా, ఇంగ్లిష్ చెప్పే వాళ్లకీ, సొంతంగా నేర్చుకునే వాళ్లకీ పనికొస్తుందని.

ముందు అతని నేపథ్యం. నల్గొండ జిల్లాలో ఒక ఊరు, డిగ్రీ దాకా తెలుగు మీడియం, బీకామ్. హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని రోజూ పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి కూర్చునేవాడు. ఇంగ్లిష్ రావాలంటే ఇంగ్లిష్ పేపర్ చదవాలని అందరూ చెప్పారు, నేను కూడా చాలామందికి అదే చెప్పాను. అయితే ఆర్టికల్ మొత్తం చదవాలంటే అతనికి ఒక్కోదానికి అరగంట పట్టేది, సగం అర్థమయ్యేది కాదు, దాంతో మెల్లగా ఆర్టికల్స్ వదిలేసి హెడ్‌లైన్స్ మాత్రమే రాసుకోవడం మొదలుపెట్టాడు. అవి చిన్నవి, పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఫోన్‌లో ఒక్కో పదానికి అర్థం చూసి రాసుకుంటే ఒక వాక్యం నేర్చుకున్నట్టే కదా అనుకున్నాడు. ఆ అనుకోవడం దగ్గరే మొత్తం సమస్య ఉంది. హెడ్‌లైన్ అనేది వాక్యం కాదు, కనీసం మనం పరీక్షలో రాయాల్సిన వాక్యం కాదు, దానికి దాని గ్రామర్ వేరే ఉంది.

ఎస్‌బీఐ పీఓ మెయిన్స్‌లో డిస్క్రిప్టివ్ పేపర్ అప్పట్లో 30 నిమిషాలు, 50 మార్కులు, ఒక లెటర్ ఒక ఎస్సే, కంప్యూటర్ మీద టైప్ చెయ్యాలి. నేను అతనికి అదే టైమ్ పెట్టి ఫైనాన్షియల్ ఇంక్లూజన్ మీద ఎస్సే రాయమన్నాను. అందులో నాలుగు లైన్లు ఇవి: "గవర్నమెంట్ లాంచెస్ జన్ ధన్ యోజన ఇన్ 2014. క్రోర్స్ ఆఫ్ అకౌంట్స్ ఓపెన్డ్. పూర్ ఫ్యామిలీస్ టు గెట్ డైరెక్ట్ బెనిఫిట్. మిడిల్‌మెన్ రిమూవ్డ్."

ఒకసారి ఈ నాలుగూ మళ్లీ చదవండి. ఇవి ఇంగ్లిష్ రానివాడు రాసిన వాక్యాల్లా లేవు. ఎక్కడో చూసినట్టు, దాదాపు కరెక్ట్‌గా అనిపిస్తాయి. నాకు కూడా రెండు మూడు నిమిషాలు ఏదో తేడాగా అనిపించింది కానీ ఏంటో పట్టుకోలేకపోయాను, తర్వాత టేబుల్ మీదున్న నోట్‌బుక్ వైపు చూస్తే అప్పుడు అర్థమైంది. ఇవి నాలుగూ హెడ్‌లైన్స్! ఏ లైన్‌కి ఆ లైన్ పేపర్లో పెద్ద అక్షరాల్లో వేస్తే (మొదటి దాంట్లో 2014 తీసేస్తే) ఎవరూ తప్పు పట్టరు. ఎస్సేలో మాత్రం ప్రతి ఒక్కటీ తప్పే.

ఆ రోజు సాయంత్రం ఒక టెస్ట్ తయారు చేశాను. ఇండియన్ ఇంగ్లిష్ పేపర్లలో వచ్చే తరహాలో నేనే 20 హెడ్డింగులు రాసి, ఒక్కోదాన్ని పూర్తి తెలుగు వాక్యంగా చెప్పమన్నాను, అసలు ఎవరు ఏం చేశారు, ఎప్పుడు అనేది కూడా. ఎక్కడ తప్పుతున్నాడో చూస్తే లోపల ఏం జరుగుతుందో తెలుస్తుందని.

మొదట సులభంగా చెప్పినవి. "సిటీ రోడ్స్ అన్‌సేఫ్" లాంటివి టకటకా చెప్పేశాడు. ఇక్కడ "ఆర్" అనే క్రియ లేదు, ముందు "ద" అనే ఆర్టికల్ (గ్రామర్ ఆర్టికల్, వార్త కాదు) లేదు, అయినా అతనికి ఏమీ లోటు కనిపించలేదు. ఎందుకు కనిపిస్తుంది? మనం తెలుగులో "మా నాన్న రైతు" అంటాం, "మా నాన్న రైతు అయి ఉన్నాడు" అనం కదా. ఎ, యాన్, ద అనేవి మన భాషలో అసలు లేవు. ఇంగ్లిష్ వాళ్లకి హెడ్‌లైన్ అంటే ఏవో ముక్కలు తీసేసిన వాక్యం, మనకి మాత్రం అది నిండు వాక్యంలాగే వినిపిస్తుంది. 1947 ఆగస్టు 15న హిందుస్థాన్ టైమ్స్ పెట్టిన హెడ్డింగ్ "ఇండియా ఇండిపెండెంట్: బ్రిటిష్ రూల్ ఎండ్స్". మొదటి సగంలో క్రియే లేదు, తెలుగులో "భారత్ స్వతంత్రం" అన్నంత సహజంగా ఉంటుంది మన చెవికి. ఈ కేసులో నేను నేర్చుకున్న పెద్ద విషయం ఇదే: ఆర్టికల్స్ వదిలేయడం, "ఈజ్", "ఆర్" మింగేయడం అనే రెండు తప్పులు తెలుగు పిల్లలు ఎలాగూ చేస్తారు, మాతృభాష అలా చేయిస్తుంది, టీచర్లు దిద్దుతూ ఉంటారు. కానీ ఈ అబ్బాయికి రోజూ పొద్దున్నే ఇంగ్లిష్ పేపరే స్వయంగా వచ్చి నువ్వు రాసేది కరెక్టే అని చెబుతోంది, 16 నెలలుగా. ఇంక దిద్దేవాళ్ల మాట ఎలా ఎక్కుతుంది?

తర్వాత తడబడినవి. "మ్యాన్ హెల్డ్ ఫర్ చీటింగ్ జాబ్ సీకర్స్" అనేదానికి అతని సమాధానం: "ఒకతను పట్టుకున్నడు, ఉద్యోగాలు వెతికేటోళ్లు చీటింగ్ చేస్తున్నరని." మొత్తం తలకిందులు. మోసం చేసినవాడు పట్టుకునేవాడయ్యాడు, మోసపోయిన వాళ్లు మోసగాళ్లయ్యారు. "హెల్డ్ అంటే పట్టుకున్నడు కద మేడమ్, హోల్డ్‌కి పాస్ట్" అన్నాడు. అతను చెప్పింది డిక్షనరీ ప్రకారం నిజమే. అయితే ఇక్కడ అది పాస్ట్ టెన్స్ కాదు, "హ్యాజ్ బీన్ హెల్డ్" అనే దాంట్లో మొదటి రెండు పదాలు తీసేస్తే మిగిలిన ముక్క. పట్టుకున్నాడు కాదు, పట్టుబడ్డాడు.

ఇక్కడ కాస్త ఆగుతా, ఎందుకంటే హెడ్‌లైన్ గ్రామర్ మొత్తంలో అన్నిటికంటే ఉపయోగపడే తాళంచెవి ఇదే. హెడ్‌లైన్‌లో నిన్న జరిగిపోయిన సంగతిని కూడా ప్రెజెంట్ టెన్స్‌లో రాస్తారు. 1969 జులై 21న న్యూయార్క్ టైమ్స్ "మెన్ వాక్ ఆన్ మూన్" అని పెట్టింది, వాళ్లు నడిచింది పేపర్ అచ్చు కాకముందే కదా. 1974 ఆగస్టు 9న వాషింగ్టన్ పోస్ట్ "నిక్సన్ రిజైన్స్" అని పెట్టింది, అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ రాజీనామా ప్రకటన ముందురోజు రాత్రే అయిపోయింది. వార్త చదివేవాడి ముందు ఇప్పుడే జరుగుతున్నట్టు ఉండాలని అలా రాస్తారు. సరే, జరిగిపోయినవన్నీ ప్రెజెంట్‌లో రాస్తే ఇక పాస్ట్ టెన్స్‌కి పని ఏముంది? దాదాపు ఏమీ లేదు. కాబట్టి హెడ్డింగ్‌లో అసలు క్రియ స్థానంలో ఈడీ అక్షరాలతో ముగిసే పదం గానీ, హెల్డ్, షాట్, ఫౌండ్, కాట్ లాంటి పదం గానీ కనిపిస్తే అది పాస్ట్ అయ్యే అవకాశం చాలా తక్కువ, నూటికి తొంభై పాళ్లు పాసివ్. "అరెస్టెడ్" అంటే అరెస్ట్ చేశాడు కాదు, అరెస్టయ్యాడు. "ఫౌండ్" అంటే కనుక్కున్నాడు కాదు, దొరికాడు. తెలుగులో "బడు" తగిలించి చూడమని చెప్పాను: పట్టుబడ్డ, కొట్టబడ్డ, చంపబడ్డ. మామూలుగా మనం అలా మాట్లాడం, వినడానికి కృతకంగానే ఉంటుంది, కానీ టెస్ట్‌గా మాత్రం బాగా పనిచేస్తుంది. కొన్నిసార్లు నిజంగానే పాస్ట్ వస్తుంది, ముఖ్యంగా కోర్టులో సాక్షి చెప్పిన పాత సంగతి, లేదా ఎప్పుడో జరిగి ఇప్పుడు బయటపడిన విషయం రాసేటప్పుడు, "మినిస్టర్ న్యూ అబౌట్ ఫ్రాడ్" లాంటివి (ఇక్కడ న్యూ అంటే కొత్త కాదు, తెలుసు అనే అర్థం ఉన్న "నో"కి పాస్ట్). కానీ అవి తక్కువ.

ఈ ఒక్క సూత్రం చెప్పేసరికి అతను నోట్‌బుక్ వెనక్కి తిప్పుకుంటూ వెళ్లి తన ఎర్ర ఇంక్ రాతలు చూసుకుంటూ ఉండిపోయాడు. "16 నెలల పేపర్లన్నీ ఉల్టా అర్థం చేసుకున్న" అన్నాడు. ఆ మాట వింటే నాకు బాధేసింది, ఇది అతనికి ఎవరో ఒకరు మొదటి నెలలోనే పది నిమిషాల్లో చెప్పాల్సిన విషయం.

పదాల సమస్య ఇంకొకటి. అతను డిక్షనరీలో మొదటి అర్థం తీసుకుంటాడు, పేపర్ వాళ్లు ఆ పదాన్ని వేరే అర్థంలో వాడతారు. "హైకోర్ట్ స్టేస్ డిమాలిషన్" అంటే కోర్టు ఉంటుంది అని రాసుకున్నాడు, విచిత్రం ఏంటంటే తెలుగులో "హైకోర్టు స్టే ఇచ్చింది" అనేది అతనికి బాగా తెలుసు, అదే స్టే చివర ఎస్ చేరి క్రియ అయ్యేసరికి గుర్తుపట్టలేదు. "ఈడీ అటాచెస్ ప్రాపర్టీ" (ఇక్కడ ఈడీ అంటే ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) అంటే ఆస్తి జత చేసింది అట, అసలు అర్థం జప్తు. "క్యాబినెట్ నాడ్ ఫర్ న్యూ పోర్ట్" దగ్గర నాడ్ అంటే తల ఊపడం అని రాసి పక్కన క్వశ్చన్ మార్క్ పెట్టుకున్నాడు, మన తెలుగు పేపర్లు దీన్నే "పచ్చజెండా" అంటాయి. ప్రోబ్ అంటే దర్యాప్తు, రో అంటే గొడవ, మల్ అంటే ఆలోచిస్తున్నారు, సాప్స్ అంటే తాయిలాలు, ఫ్లే అంటే దుమ్మెత్తి పోయడం, హైక్ అంటే పెంపు, కిన్ అంటే బంధువులు, టోల్ అంటే మృతుల సంఖ్య (టోల్‌గేట్ కాదు). ఇవన్నీ పొట్టి పదాలు. ఇన్వెస్టిగేషన్ అనే పదం ఇరుకు కాలమ్‌లో పట్టదు, ప్రోబ్ పడుతుంది.

పట్టడం అనేది ఇక్కడ మాటవరసకి అన్నది కాదు, అక్షరాలా కొలత. కంప్యూటర్లు రాకముందు ఇంగ్లిష్ పేపర్ డెస్కుల్లో సబ్ ఎడిటర్లు హెడ్డింగ్‌లో అక్షరాలు లెక్కపెట్టేవాళ్లు. మామూలు చిన్న అక్షరం ఒకటి, ఐ ఎల్ టీ ఎఫ్ జే లాంటి సన్నవి అర, ఎం డబ్ల్యూ ఒకటిన్నర, అలా కూడి కాలమ్ వెడల్పుకి సరిపోతుందా లేదా చూసుకునేవాళ్లు. సీసపు అచ్చు సాగదు, కుదించడానికి లేదు, పట్టకపోతే మాట మార్చాల్సిందే. ఈ లెక్క తెలిస్తే ఆర్టికల్స్ ఎందుకు పోయాయో, "ఈజ్" ఎందుకు పోయిందో, "అండ్" బదులు కామా ఎందుకొచ్చిందో, "సెడ్" బదులు కోలన్ ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి టెలిగ్రామ్ గుర్తుంటుంది, "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని వచ్చేది, అక్కడ పదానికి డబ్బులు కాబట్టి ఈజ్ కొట్టేసేవాళ్లు. దేశంలో టెలిగ్రామ్ సర్వీస్ 2013 జులైలో ఆగిపోయింది కానీ ఆ భాష ఆగలేదు, బ్యాంక్ మెసేజ్‌లో "డెబిటెడ్" అని వచ్చేదీ, షాప్ తలుపు మీద "క్లోజ్డ్" అని వేలాడేదీ అదే. 1935లోనే హైన్‌రిష్ స్ట్రౌమన్ అనే స్విస్ పండితుడు హెడ్‌లైన్స్ మీద పరిశోధన చేసి ఈ తరహా రాతకి బ్లాక్ లాంగ్వేజ్ అని పేరు పెట్టాడు. నేను ఆ టెలిగ్రామ్ ఉదాహరణ చెప్పగానే అబ్బాయి మొహం వెలిగింది, వాళ్ల తాత చనిపోయినప్పుడు బాంబేలో ఉన్న పెదనాన్నకి అలాంటిదే పంపారని ఇంట్లో చెప్పుకుంటారట. ఎస్సే టెలిగ్రామ్‌లా రాయకూడదు అని అప్పుడు తనకు తానే అన్నాడు.

ఇక ట్రీట్‌మెంట్. నోట్‌బుక్ ఆపమని చెప్పలేదు, అంత అలవాటుని ఆపించడం వేస్ట్. పద్ధతి మార్చాను. రోజుకి ఐదే ఐదు హెడ్డింగులు. ఎడమ వైపు హెడ్డింగ్, కుడి వైపు తెలుగు బదులు అదే హెడ్డింగ్‌ని పూర్తి ఇంగ్లిష్ వాక్యంగా సొంతంగా రాయాలి, రాసేదాకా కింద ఉన్న వార్త చూడకూడదు. తర్వాత వార్త మొదటి పేరా, జర్నలిస్టులు లీడ్ అంటారే అది, దాంతో పోల్చుకుని గ్రీన్ పెన్నుతో దిద్దుకోవాలి. హెడ్డింగ్‌కి ఆన్సర్ కీ అదే పేపర్లో రెండంగుళాల కింద అచ్చయి ఉంటుంది. హెడ్డింగ్ "మ్యాన్ హెల్డ్" అంటే లీడ్ "ద పోలీస్ ఆన్ ట్యూస్‌డే అరెస్టెడ్ ఎ మ్యాన్ హూ..." అని మొదలవుతుంది. పోలీసులు అనే కర్త తిరిగొచ్చాడు, మొదటిసారి చెప్తున్నాం కాబట్టి మనిషి ముందు "ఎ" వచ్చింది, ట్యూస్‌డే వచ్చింది కాబట్టి పాస్ట్ టెన్స్ వచ్చింది.

ఆ ట్యూస్‌డే చాలా ముఖ్యం. హెడ్డింగ్‌లో జరిగిపోయినదానికి ప్రెజెంట్ వాడతారు గానీ పక్కన "యెస్టర్‌డే" అని గానీ "లాస్ట్ వీక్" అని గానీ సాధారణంగా పెట్టరు. పెడితే రెండూ కొట్టుకుంటాయి. మన అబ్బాయి "లాంచెస్ ఇన్ 2014" అని రాసింది సరిగ్గా ఈ గోడ మీదే గుద్దుకుంది. అందుకే అతనికి ఒకే ఒక చెక్ ఇచ్చాను: నీ వాక్యంలో తేదీ, సంవత్సరం, నిన్న, పోయిన నెల లాంటిది ఏదైనా ఉంటే క్రియ చివరి ఎస్ కొట్టేసి పాస్ట్ రాయి.

"టు" సంగతి కూడా అప్పుడే చెప్పాను. "సీఎం టు విజిట్ ఖమ్మం" అంటే వెళ్లబోతున్నారు, ప్లాన్ ఖరారైంది అని, "మే విజిట్" అంటే వెళ్లొచ్చు వెళ్లకపోవచ్చు అని. పూర్తి వాక్యంలో "ఈజ్ టు విజిట్" అనో "విల్ విజిట్" అనో రాయాలి.

ఇక్కడే ఎదురుదెబ్బ తగిలింది, తప్పు నాదే. రెండో వారంలో ఒక రోజు "కలెక్టర్ టు ఆఫీసర్స్: క్లియర్ డ్రెయిన్స్ బిఫోర్ మాన్‌సూన్" అనే తరహా హెడ్డింగ్ తెచ్చుకుని, కలెక్టర్ గారు ఆఫీసర్ కాబోతున్నారని రాసుకొచ్చాడు. నేను "టు అంటే ఫ్యూచర్" అని బోర్డు మీద పెద్దగా రాసి కింద గీత కూడా గీశాను, దాన్ని అతను నమ్మాడు. టు తర్వాత క్రియ వస్తేనే ఫ్యూచర్, పేరు వచ్చి తర్వాత కోలన్ వస్తే అది "అధికారులకు కలెక్టర్ ఆదేశం" అని, మామూలు "కు". దీనికి అందరూ చెప్పే పాత ఉదాహరణ ఉంది. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచున ఉన్నప్పుడు, ప్రెసిడెంట్ ఫోర్డ్ ఫెడరల్ సాయానికి ఒప్పుకోనని ప్రసంగం చేస్తే, మర్నాడు అక్టోబర్ 30న డైలీ న్యూస్ "ఫోర్డ్ టు సిటీ: డ్రాప్ డెడ్" అని పెట్టింది, చావుపో అన్నట్టు. ఆ మాట ఆయన నోటితో అననే లేదు. కోలన్ వెనక ఉన్నది ఆయన మాటలు కాదు, ఆయన ఉద్దేశం ఇదీ అని పేపర్ తేల్చినది. అందుకని కోలన్ చూసినప్పుడల్లా లోపలికి వెళ్లి అసలు ఏమన్నారో చూడమని చెప్పాను, అలాగే సింగిల్ కోట్స్‌లో ఉన్న మాట పేపర్‌ది కాదు, ఎవరో అన్నదని కూడా. 'నెగ్లిజెన్స్' లెడ్ టు ఫైర్ అని ఉంటే నిర్లక్ష్యం అని ఎవరో ఆరోపిస్తున్నారు, ఇంకా తేలలేదు అని. ఈ సంగతి రీడింగ్ కాంప్రహెన్షన్‌లో కూడా పనికొస్తుంది.

ప్రెజెంట్ టెన్స్ ఎంత గట్టి మాటో చెప్పడానికి 1948 చికాగో ట్రిబ్యూన్ కథ చెప్పాను. ప్రింటర్ల సమ్మె వల్ల ఎడిషన్ ముందే అచ్చుకి పంపాల్సి వచ్చి, అమెరికా అధ్యక్ష ఎన్నికల లెక్కింపు పూర్తి కాకుండానే నవంబర్ 3 పేపర్లో "డ్యూయీ డిఫీట్స్ ట్రూమన్" అని వేసేశారు. గెలిచింది ట్రూమన్, 303 ఎలక్టోరల్ ఓట్లు ఆయనకి, 189 డ్యూయీకి. సెయింట్ లూయిస్ రైల్వే స్టేషన్లో ట్రూమన్ ఆ పేపర్ని పైకెత్తి నవ్వుతున్న ఫొటో మీరూ చూసే ఉంటారు. "డిఫీట్స్" అంటే అయిపోయింది అని అర్థం. "లైక్లీ టు" అని ఉంటే అంత పరువు పోయేది కాదు.

నాలుగో వారం నుంచి అసలు సరదా అనిపించిన భాగం, అదే రోజు తెలుగు పేపర్ కూడా పక్కన పెట్టుకోవడం. ఒకే వార్తకి రెండు భాషల హెడ్డింగులు. ఇంగ్లిష్‌లో "త్రీ కిల్డ్ యాజ్ కార్ హిట్స్ లారీ", తెలుగులో "లారీని ఢీకొన్న కారు.. ముగ్గురి దుర్మరణం". ఇంగ్లిష్ క్రియని సగం కోసేస్తుంది, మన పేపర్లు క్రియని తీసేసి నామవాచకం చేసేస్తాయి: మృతి, అరెస్టు, ఆదేశం, పర్యటన, ఆందోళన. ఆ రెండు చుక్కలు కూడా మనవే. తెలుగులో ఎవరైనా ఎస్సే రాస్తూ "ముగ్గురి దుర్మరణం" అని వాక్యం ముగించి ఊరుకుంటారా అని అడిగితే నవ్వాడు, "గట్ల ఎవరు రాస్తరు మేడమ్" అన్నాడు. తన భాషలో తేడా క్షణంలో తెలిసిపోయింది. ఇంగ్లిష్‌లో అతను చేస్తున్నది కూడా ఇదే అని చెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు దొరకలేదు, ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నా.

తెలుగు వాళ్లకి లాభం జరిగే చోటు కూడా ఒకటి దొరికింది. "బస్ ఫైర్ విక్టిమ్స్ కిన్ స్టేజ్ ప్రొటెస్ట్" లాంటి నామవాచకాల రైలుపెట్టెల్ని ఇంగ్లిష్ గైడ్లు చివరి నుంచి వెనక్కి చదవమంటాయి, ఎందుకంటే ఇంగ్లిష్‌లో విడదీస్తే "ఆఫ్" వచ్చి వరుస తిరగబడుతుంది. మనకి ఆ అవసరమే లేదు. ఎడమ నుంచి కుడికి అలాగే చదువుతూ మధ్యలో "ల" చేర్చుకుంటే సరి: బస్సు అగ్నిప్రమాద బాధితుల బంధువుల నిరసన. వరుస ఒక్కటే! డాగ్ బైట్ విక్టిమ్ అంటే కుక్కకాటు బాధితుడు. అమెరికాలో సరదాగా చెప్పుకునే పాత హెడ్డింగ్ ఒకటి ఉంది, "స్క్వాడ్ హెల్ప్స్ డాగ్ బైట్ విక్టిమ్", దాన్ని వాళ్లు కుక్క కరవడానికి స్క్వాడ్ సాయం చేసినట్టు కూడా చదువుకోగలరు. ఇలాంటి తికమక హెడ్డింగులకి కాపీ ఎడిటర్లు 2009లో క్రాష్ బ్లాసమ్స్ అని పేరే పెట్టారు, "వయొలినిస్ట్ లింక్డ్ టు జేఏఎల్ క్రాష్ బ్లాసమ్స్" అని జపాన్ నుంచి వచ్చిన ఒక హెడ్డింగ్ వల్ల. 1985 జపాన్ ఎయిర్‌లైన్స్ ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న వయొలిన్ కళాకారిణి వృద్ధిలోకి వచ్చిందని దాని అర్థం, క్రాష్ బ్లాసమ్స్ అనే పూలేవో ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్ని మన అబ్బాయికి ఇస్తే "లింక్డ్" దగ్గర ఆగి, "ఇది పాసివ్ మేడమ్, ప్రమాదంతోని సంబంధం ఉన్న వయొలినిస్ట్, అసలు క్రియ చివర ఉన్నది" అన్నాడు. ఐదో వారంలో. నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది.

మన దగ్గరి చిక్కు ఒకటి చెప్పాలి, ఇది వేరే దేశం పుస్తకాల్లో దొరకదు. ఎస్‌సీ అంటే సుప్రీంకోర్టు, ఎస్‌సీ అంటే షెడ్యూల్డ్ క్యాస్ట్ కూడా. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జిల బెంచ్ 6:1 మెజారిటీతో ఎస్‌సీ వర్గీకరణ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది, 2004లో ఆంధ్రప్రదేశ్ కేసులో ఇచ్చిన పాత తీర్పుని పక్కన పెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి పోటీ పరీక్ష అభ్యర్థి చదవాల్సిన వార్త. దీన్ని పొట్టిగా రాస్తే "ఎస్‌సీ అప్‌హోల్డ్స్ ఎస్‌సీ సబ్ క్లాసిఫికేషన్" అవుతుంది. క్రియకి ముందున్న ఎస్‌సీ కోర్టు, వెనకున్నది కులాల జాబితా. అంతకుముందు అదే ఏడాది ఫిబ్రవరిలో "రిజర్వ్స్ వర్డిక్ట్" అన్నప్పుడు రిజర్వేషన్ ఇచ్చారని అనుకున్న పిల్లలు నా క్లాస్‌లోనే ఉన్నారు, తీర్పు వాయిదా వేశారని దాని అర్థం.

ఆఖరి రెండు వారాలు పని తిప్పేశాను. వార్త నేనిస్తాను, హెడ్డింగ్ అతను పెట్టాలి, 30 అక్షరాలు దాటకూడదు. ఏది తీసేస్తున్నాడో నోటితో చెప్పి తీసేయాలి, "ఇక్కడ ద తీస్తున్న, ఇక్కడ వర్ తీస్తున్న" అని. తీసేయడం తెలిసినవాడికే అది అక్కడ ఉండాలన్న సంగతి తెలుస్తుంది. మొదట్లో అతనికి ఏం తీయాలో తెలీలేదు, ఎందుకంటే తన వాక్యంలో అవి ముందు నుంచే లేవు, ఖాళీ జేబులోంచి ఏం తీస్తాడు. పూర్తి వాక్యం రాసి, అందులో "వర్" పెట్టి, మళ్లీ దాన్నే కొట్టేసి, అలా రోజుకి పది చేశాడు.

రెండు నెలలు అయ్యాక మళ్లీ అదే టాపిక్ మీద, అదే 30 నిమిషాల్లో ఎస్సే రాయించాను. ఏం మారింది, ఏం మారలేదు ఉన్నదున్నట్టు చెప్తా. "టు గెట్", "టు లాంచ్" తరహా వాక్యాలు ఒక్కటి కూడా లేవు. "వర్" లాంటిది లేని పాసివ్ ఒకచోట మిగిలింది, చివరి పేరాలో, టైమ్ అయిపోతోందని తొందర పడ్డ చోట. 2014 పక్కన "లాంచ్డ్" అని వచ్చింది. ఆర్టికల్స్ మాత్రం పెద్దగా బాగుపడలేదు. "ఎ" పెట్టాల్సిన చోట పెట్టడం వచ్చింది, "ద" ఇప్పుడు అవసరం లేని చోట కూడా పెడుతున్నాడు, "ద పావర్టీ", "ద ఇండియా". అది హెడ్‌లైన్స్ వల్ల వచ్చిన రోగం కాదు, హెడ్‌లైన్స్ మందుతో తగ్గదు, దానికి వేరే పని విడిగా మొదలుపెట్టాం.

తర్వాతి ఏడాది అతను మెయిన్స్ దాటాడు, ఇంటర్వ్యూలో పోయింది, ఆ పై ఏడాది వేరే బ్యాంక్‌లో క్లర్క్‌గా వచ్చింది, ఇప్పుడు ఖమ్మం వైపు ఒక బ్రాంచ్‌లో ఉన్నాడు. మొన్న దసరాకి ఫోన్ చేసినప్పుడు చెప్పాడు, కౌంటర్ మీద ఇంగ్లిష్ నోటీసు రాసి అంటించమంటే ముందు పూర్తి వాక్యం పేపర్ మీద రాసుకుని, తర్వాత ఒక్కో పదం కొట్టేసి, "లాకర్ సర్వీస్ క్లోజ్డ్ టుడే" దగ్గర ఆపానని.